గంధం రంగు గడ్డిగులాబీ

మొన్న వేసవిలో మా పిన్ని కంటి ఆపరేషనుకని అనకాపల్లి నుంచి వచ్చి విశాఖపట్నంలో మా ఇంట్లో కొన్నాళ్ళు ఉంది. ఊరికే కూర్చోవడం ఆవిడ ఒంటికి పడదు. డాక్టరు వంగొద్దన్నాడు, బరువులెత్తొద్దన్నాడు, పొయ్యి దగ్గరికి వెళ్ళొద్దన్నాడు. "ఇవన్నీ మానేత్తే ఇంక నాను సెయ్యడానికి ఏటి మిగిలింది బాబూ, ఊపిరి పీల్సడవా?" అని ఆయన్నే అడిగింది. ఆయన నవ్వి, "అదే చెయ్యండమ్మా కొన్నాళ్ళు" అన్నాడు. దాంతో పొద్దున కాఫీ తాగింది మొదలు మధ్యాహ్నం భోజనం దాకా నల్లద్దాలు పెట్టుకుని, బాల్కనీలో కుర్చీ వేసుకుని కూర్చునేది. ఆ అద్దాల్లో ఆవిణ్ణి చూసి మా అమ్మాయి "అమ్మమ్మా, ఓట్లకి నిలబడుతున్నావా?" అని ఏడిపించేది. "నిలబడితే నీ ఓటు నాకే గదే?" అని ఆవిడా తగ్గేది కాదు.

మా బాల్కనీకి పొద్దున్నుంచి సాయంత్రం దాకా ఎండే. అక్కడ మల్లి పెట్టి చూశాను, గులాబీ పెట్టి చూశాను, అన్నీ నన్ను తిట్టుకుంటూ పోయాయి. నిలిచినవి గడ్డిగులాబీలే. కమ్మీలకి వేలాడదీసిన కుండీల్లోంచి తీగల్లా కిందికి జారి, ఎండ ముదిరిన కొద్దీ విరగబూస్తాయి. ఆపరేషనయిన కన్ను ఇంకా మసకగానే ఉన్నా పిన్ని రోజూ అటు తిరిగి, "ఇచ్చుకున్నాయేటే?" అని అడిగేది. విచ్చుకున్నాయనేదాన్ని. "గందం రంగుది ఉందా?" ఉందనేదాన్ని. "ఎటేపు?" నీ కుడిచేతి వైపు, చివరి కుండీ అనేదాన్ని. "సర్లే, ఉంటే మంచిదే" అని ఊరుకునేది. ఆ ప్రశ్న రోజూ ఎందుకడుగుతోందో నాకు వెంటనే తట్టలేదు. గొప్పదాన్ని, చదువుకున్నదాన్ని కదా.

మా పిన్ని నన్ను కన్నది కాదు. అమ్మ పోయాక మా నాన్న చేసుకున్న మనిషి. నాకు ఈడొచ్చే వయసులో జడ వేసింది, పరీక్షలప్పుడు పక్కన కూర్చుని కునికిపాట్లు పడింది, పెళ్ళిలో నా కంటే ఎక్కువ ఏడ్చింది. కానీ మొదట్లో ఆవిడకీ నాకూ మాటల్లేవు. మాట కలిపినవి ఈ గడ్డిగులాబీలే. అందులోనూ ఈ గంధం రంగుది.

అప్పుడు మేం అనకాపల్లిలో ఉండేవాళ్ళం. నాన్న బెల్లం మార్కెట్టులో ఒక కొట్టులో కాటా దగ్గర పని చేసేవాడు. ఆయన ఇంటికొచ్చాడని గుమ్మం చప్పుడు కంటే ముందు వాసన చెప్పేది. కొత్త బెల్లం సీజనులో చొక్కా, లుంగీ, చివరికి ఆయన కొత్తగా కొనుక్కున్న సెల్‌ఫోను కూడా బెల్లం వాసనే. ఆ ఫోను పట్టుకుంటే చేతికి అంటుకునేది. నాన్న చొక్కా విప్పి వంకెకి తగిలించేలోపు చీమలు గోడ మీద వరస కట్టేవి. అమ్మ వాటిని పసుపుతో అడ్డుకునేది, నాన్నని నోటితో అడ్డుకునేది. "ఆ ఒంటితో మేడెక్కకు, నా మొక్కలకి చీమలు పడతాయి" అని రోజూ అనేది. ఆయన రోజూ ఎక్కేవాడు.

మా ఇల్లు కింద రెండు గదులు, పైన ఖాళీ డాబా. వేసవిలో ఆ డాబా మీద చెప్పుల్లేకుండా నడిస్తే అరికాళ్ళు చుర్రుమనేవి. బట్టలు ఆరేసి రెండోది అందుకునేసరికి మొదటిది ఆరిపోయేది. అలాంటి చోట అమ్మ పూలు పెంచింది. కుండీలంటూ ఏవీ కొన్నట్టు నాకు గుర్తు లేదు. అడ్డంగా కోసిన నూనె డబ్బాలు, చెవి ఊడిన బకెట్టు, అడుగు చిల్లుపడిన మూకుడు, పగిలిన ఊరగాయ జాడీ, ఇంట్లో పనికిరానిదేదైనా మేడ మీదికి చేరి పనికొచ్చేది. శారదా నది ఇసక, తోటమట్టి, పల్లెల్లో బెల్లం వండే పొయ్యిల కింద మిగిలిన చెరకు పిప్పి బూడిద, ఈ మూడూ కలిపి నింపేది. పెరట్లోని ముద్దమట్టి వేస్తే నీళ్ళు నిలిచి కుళ్ళిపోతుందని, గడ్డిగులాబీ దాహానికి ఓర్చుకుంటుంది గానీ తడికి ఓర్చుకోదని చెప్పేది. సాయంత్రం కాండం వేలితో నొక్కి చూసేది. గట్టిగా ఉంటే నీళ్ళు లేవు. మెత్తబడితేనే ఒక చెంబు. ఆ నొక్కడం నాకూ నేర్పింది. ఇప్పటికీ మా ఇంటికొచ్చినవాళ్ళు నేను మొక్కల బుగ్గలు గిల్లుతున్నానని నవ్వుతారు.

డబ్బాలన్నీ పిట్టగోడ అంచున పెట్టేది. తీగలు గోడ మీంచి వీధి వైపు జారేవి. పొద్దున నాన్న మార్కెట్టుకి వెళ్ళేటప్పుడు మొగ్గలు ముడుచుకుని ఉండేవి. అమ్మ అన్నం వార్చి, నా జుట్టు చిక్కు తీసి, నన్ను బడికి తరిమేసరికి ఒక్కొక్కటీ విచ్చుకునేవి. నడినెత్తి మీదికి ఎండ వచ్చేసరికి గోడంతా రాణి రంగు, ఎరుపు, తెలుపు, నారింజ. వాటికి దూరంగా, పక్కింటి వైపున్న ఒకే ఒక డబ్బాలో గంధం రంగు. అరగదీసిన గంధంలో చిటికెడు పసుపు కలిపితే ఎలా ఉంటుందో అలా. మధ్యాహ్నం కునుకు తీసి లేచేసరికి అన్నీ మళ్ళీ ముడుచుకునేవి. సాయంత్రం మేడెక్కిన మనిషికి అక్కడ పువ్వన్నదే కనబడేది కాదు, కండగల పచ్చటి ఆకు తప్ప. మాది సూదుల్లాంటి ఆకు రకం కాదు, కాస్త వెడల్పాకు రకం. ఈ సంగతి గుర్తు పెట్టుకోండి, తరవాత కావాలి.

మా వీధిలో మొక్కలకి ఒక పద్ధతుండేది. ఎవరూ ఎవర్నీ మొక్క అడగరు, ఎవరూ ఎవరికీ ఇవ్వరు. అడిగి తెచ్చుకున్న కొమ్మ బతకదని, దొంగతనంగా తుంచుకొచ్చినదే వేళ్ళు తన్నుతుందని అందరికీ గట్టి నమ్మకం. అందుకని కావలసినవాళ్ళు వచ్చి మొక్క పక్కన నిలబడి ఏదో లోకాభిరామాయణం మాట్లాడేవాళ్ళు. ఇంటావిడకి అర్థమైపోయేది. హఠాత్తుగా ఆవిడకి ఏదో పని గుర్తొచ్చేది. లోపలికెళ్ళి గిన్నెలు సర్దినట్టు చప్పుడు చేసి, తగినంత సేపయ్యాక వచ్చేది. వచ్చినావిడ చెయ్యి కొంగు కింద ఉండేది. ఇద్దరూ ఏమీ జరగనట్టు సీరియల్లో కోడలి కష్టాల గురించి మాట్లాడుకునేవాళ్ళు. మా అమ్మంత మంచి దొంగా లేదు, అంత బాగా దోచుకోనిచ్చినదీ లేదు. మా గోడ మీది పూలు అలా వీధంతా పాకాయి, ఒక్క గంధం రంగుది తప్ప. దాని జోలికి ఎవరూ వెళ్ళేవారు కాదు. అమ్మకి అది ప్రాణమని అందరికీ తెలుసు.

అమ్మ జ్వరంతో పోయింది. ఆ మాట ఇంతకంటే పెద్దగా రాయడం నాకు ఇప్పటికీ చేతకాదు. ఆ తరవాత నేను రోజూ సాయంత్రం మేడెక్కి కాండాలు నొక్కి చూసేదాన్ని. నాన్న ఎక్కడం మానేశాడు. చీమలు పడతాయని చెప్పేవాళ్ళు లేకపోతే ఆయనకి ఎక్కాలని ఉండేది కాదేమో. మొక్కలు మాత్రం ఏమీ ఎరగనట్టు ఆ ఏడు మరింత గుబురుగా పెరిగాయి.

ఏడాది తిరిగాక నాన్న ఉప్మాక కొండ గుడి దగ్గర, ఎవర్నీ పెద్దగా పిలవకుండా, నూకరత్నాన్ని చేసుకున్నాడు. కోటవురట్ల దగ్గర పల్లె ఆవిడది. చెరకు పండించే ఇల్లు. మంచాన పడిన తల్లికి సేవ చేస్తూ పెళ్ళి వయసు దాటించుకున్న మనిషి. ఒక రేకు పెట్టె, ఒక చాప, సొంత కత్తిపీటతో వచ్చింది. "పిన్ని అని పిలు" అన్నాడు నాన్న. నేను పిలవలేదు. పగ పట్టి కాదు, కోపంతోనూ కాదు. ఆ మాట నోట్లోంచి వస్తే అమ్మ అనే మాట నోట్లోకి మళ్ళీ రాకుండా పోతుందని భయం. ఆవిడా నన్ను బలవంతపెట్టలేదు. కంచం పెట్టేది, పక్కన నీళ్ళు పెట్టేది, వెళ్ళిపోయేది. ఇంట్లో ఇద్దరు ఆడవాళ్ళం ఉండి కూడా గోడ గడియారం చప్పుడు వినబడేది.

వచ్చిన వారంలోనే అనుకుంటాను. ఒక సాయంత్రం బట్టలు తీయడానికి ఆవిడ మేడెక్కింది. అంతకు ముందు ఎండెక్కిన వేళ మేడెక్కే తీరిక దొరకలేదు. పైన డబ్బాల నిండా పచ్చగా, కండగా, ఎర్రటి కాడలతో నిగనిగలాడుతున్న ఆకు. పల్లెలో చెరకుతోట గట్ల మీద, వంగమళ్ళలో దొరికే గంగపావిలి అచ్చం అలాగే ఉంటుంది. పప్పులో వేస్తే పుల్లగా బాగుంటుంది. పట్నం మనుషులు ఎంత తెలివైనవాళ్ళు, చోటు లేదని డబ్బాల్లో కూర పెంచుకుంటున్నారు అని మురిసిపోయిందట. ఎవరూ కొయ్యక ముదిరిపోతోందని బాధ కూడా పడిందట. పల్లె అలవాటు ప్రకారం వేళ్ళతో సహా పీకి, ఒళ్ళో వేసుకుని దిగింది. ఆకూ లేత కాడా తుంచుకుని, మిగిలింది సాయంత్రం పాలు పితకడానికి గుమ్మం ముందుకి తోలుకొచ్చిన గేదెకి పెట్టింది. గేదె చాలా సంతోషించింది.

ఆ రాత్రి పప్పు ఎంత బాగుందంటే నేను మారు వడ్డించుకున్నాను. ఇది చెప్పుకోడానికి నవ్వొస్తుంది ఇప్పుడు. నేను మారు వడ్డించుకోవడం చూసి ఆవిడ మొహం వెలిగింది. ఇంట్లో అడుగుపెట్టాక ఆవిడ చేసిన దాన్ని నేను మెచ్చుకున్నట్టు కనబడడం అదే మొదలు. మర్నాడు ఆదివారం. పొద్దెక్కాక పూలు చూద్దామని మేడెక్కాను. డబ్బాలన్నీ బోసిగా, మట్టి తవ్వేసి ఉంది. పిట్టగోడ మీద వట్టి సున్నం. నేను వేసిన కేకకి పక్కింటి వాళ్ళు కూడా బయటికొచ్చారు. నాన్న పైకొచ్చాడు, ఆయన వెనక పిన్ని వచ్చింది, తడి చేతులతో.

"ఏటయిందమ్మా, ఏటి కరిసింది?" అని నన్ను తడమబోయింది. నాన్న డబ్బాల వంక చూసి అక్కడే కూలబడ్డాడు. "అవి సత్యవతి పూలు" అన్నాడు నెమ్మదిగా, అమ్మ పేరు పెట్టి. పిన్నికి అర్థం కావడానికి కాస్త సేపు పట్టింది. "పూలేటి? పావిలికూర గదా..." అని ఆగిపోయింది. తరవాత నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. సంజాయిషీ చెప్పుకోలేదు. తెలీక చేశానని కూడా అనలేదు. ఆ మట్టిలో చేతులు పెట్టి వేరు ముక్క ఏదైనా మిగిలిందేమోనని ఒక్కొక్క డబ్బా కెలికింది. ఎండకి డబ్బాల అంచులు కాలిపోతున్నాయి. ఏమీ మిగల్లేదు. చివరి డబ్బా ఏ రంగుదో నాన్న చెప్పాడు. అది విన్నాక ఆవిడ ఇక లేవలేదు, ఎండలో అలాగే కూర్చుంది. మా అమ్మవి ఇంట్లో ఇంకేం మిగిలాయని? చీరలు మేనత్తలు పంచుకున్నారు, కమ్మలు నాకని బీరువాలో పెట్టారు. ప్రాణంతో ఉన్నవి అవే. నాకు ఆ రోజు అమ్మ రెండోసారి పోయినట్టనిపించింది.

ఆ మధ్యాహ్నం పిన్ని కుళాయి దగ్గరికెళ్ళి ఎవర్ని అడిగిందో ఏమో, ఏ ఇంట్లో మా అమ్మ పూలున్నాయో తెలుసుకుని వచ్చింది. నా ఎదుట నిలబడి, "రంగులు నాకు తెల్దు తల్లీ. నువ్వొచ్చి సూపించాల" అంది. నేను చెప్పులేసుకున్నాను. ముందు వరలక్ష్మత్త ఇంటికెళ్ళాం. ఆవిడ మా వీధిలో జాకెట్లు కుట్టేది, అమ్మకి బాగా స్నేహం. మిషను ఆపి మా ఇద్దరి మొహాలూ మార్చి మార్చి చూసింది.

పిన్ని ఏమీ దాచలేదు. "మా సిన్నదాని అమ్మ పెంచిన పూలమొక్కలు నాను కూరొండేసేనమ్మా. మీ ఇంట్లో ఉన్నాయంటన్నారు. రెండు కొమ్మలియ్యండి, దణ్ణం పెడతాను."

అత్తకి నవ్వూ ఏడుపూ ఒక్కసారే వచ్చాయి. "కూరొండేసేవా! ఓలమ్మో! సత్యవతి ఉంటే పొట్ట పట్టుకుని నవ్వును" అని కళ్ళు తుడుచుకుంది. అంతలోనే, "అలగ అడక్కూడదమ్మా. అడిగి పట్టుకెళ్తే బతకవు" అంది. పిన్ని మొహం వాడిపోయింది. మరెలగ అని అడిగింది. "ఎలగేటి... అయ్యో, పొయ్యి మీద పాలు పెట్టేను, చూసొస్తానుండు" అంటూ అత్త లోపలికి వెళ్ళిపోయింది.

పిన్ని గుమ్మంలో చేతులు కట్టుకుని బుద్ధిగా నిలబడింది. పక్కనే గోలెంలో రాణి రంగు గడ్డిగులాబీ ఆవిడ మోకాళ్ళకి తగులుతోంది. లోపల గిన్నె చప్పుడైంది. ఇంకాసేపటికి మరో గిన్నె. "ఇంకా కాగలేదూ!" అని అత్త గొంతు కాస్త గట్టిగానే వినబడింది. పిన్ని నా వైపు చూసి, "పాపం, గేసు తక్కువుందేటో" అంది. ఇక నా వల్ల కాలేదు.

"తుంచు" అన్నాను. నేను ఆవిడతో అన్న మొట్టమొదటి మాట అది.

ఆవిడ ఉలిక్కిపడింది. "ఆయమ్మ లేకుండానా?" అంది. లేకుండానే అన్నాను. "దొంగతనం గాదేటి?" అంది, గొంతు తగ్గించి. "దొంగతనమే. బేగి తుంచు పిన్నీ" అన్నాను. ఆ మాట నోట్లోంచి వచ్చాక గానీ వచ్చిందని తెలియలేదు. ఆవిడకి తెలిసిందో లేదో అప్పుడు చెప్పలేదు. రెండు కొసలు తుంచి, కొంగు కింద దాచుకుని, నా చెయ్యి పట్టుకుని గేటు దాకా ఒకటే నడక. వెనక నుంచి వరలక్ష్మత్త, "కాగేయమ్మా పాలు!" అని కేకేసి మరీ నవ్వింది.

రెండో ఇంట్లో పిన్నికి భయం తగ్గింది. మూడో ఇంట్లో రుచి మరిగింది. ఇంటావిడ లోపలికెళ్ళడం ఆలస్యమైతే, "మీ పొయ్యి మీద ఏటీ లేదేటమ్మా?" అని తనే అడిగింది. ప్రతి ఇంట్లోనూ పని గుర్తుకొచ్చే ముందు ఎవరో ఒకరు మా అమ్మ సంగతి ఏదో ఒకటి చెప్పారు. ఒకావిడ పురిటికెళ్ళినప్పుడు ఇంటికి కాపలా పడుకుందని, ఒకావిడకి నూకాలమ్మ తీర్థంలో తప్పిపోయిన పిల్లని వెతికి తెచ్చిందని. పిన్ని అన్నీ వింది. "అలగా? మరేటన్నాది?" అని కూడా అడిగింది. నాన్న చెప్పని, నేను చెప్పలేని మా అమ్మని ఆవిడ ఆ ఒక్క మధ్యాహ్నంలో వీధంతా తిరిగి తెలుసుకుంది. సాయంత్రానికి కొంగు నిండా కొసలే. రాణి రంగు దొరికింది, తెలుపు, ఎరుపు, నారింజ దొరికాయి. గంధం రంగు మాత్రం ఏ ఇంట్లోనూ లేదు.

మిగిలింది మా పక్కింటి రమణమ్మగారి ఇల్లొక్కటే. ఆ గేటు దగ్గర నేను ఆగిపోయాను. కుళాయి దగ్గర బిందెల వరస మీద అమ్మకీ ఆవిడకీ ఒకప్పుడు పెద్ద తగువైంది. అప్పట్నుంచి రెండు డాబాలకీ మధ్య ఒక్క పిట్టగోడే ఉన్నా రెండిళ్ళ మధ్య మాటల్లేవు. అమ్మ పోయినప్పుడు కూడా ఆవిడ వాకిట్లో నిలబడింది గానీ లోపలికి రాలేదు. "వాళ్ళతో మనకి మాటల్లేవు" అని పిన్నికి చెప్పాను.  "మీకు లేవు. నాకు ఆయమ్మతో తగువేటి లేదు గదా. నాను కొత్తదాన్ని" అని గేటు తీసుకుని లోపలికి నడిచింది.

రమణమ్మగారు మమ్మల్ని చూసి లేచి నిలబడింది. పిన్ని చెప్పిందంతా విని, ఆ రంగుది తన దగ్గర లేదంది. పిన్ని కదల్లేదు. "లేదంటే లేదనే అనుకుంటాను. పొద్దున్న మా పిల్ల కేకేసినపుడు మీరే ముందొచ్చేరు. మీకు మొక్కంటే ఇదుంది, అందుకడిగేను" అంది. రమణమ్మగారు చాలాసేపు నా మొహం చూసింది. తరవాత మేడ మెట్ల వైపు నడిచింది. మేం వెనకాలే వెళ్ళాం.

వాళ్ళ నీళ్ళ ట్యాంకు వెనక, మా డాబా మీంచి ఎంత వంగినా కనబడని చోట, పగిలిన సిమెంటు తొట్టి ఉంది. దాన్లోంచి తీగలు కిందికి జారి నేల మీద చాపలా పరుచుకున్నాయి. పొద్దు వాలింది కాబట్టి పూలు ముడుచుకున్నాయి. అయినా ముడిచిన రేకుల చివర ఆ రంగు నేను గుర్తుపట్టాను. 

"తగువయ్యేక తుంచేను" అంది రమణమ్మగారు. "మీ అమ్మకి ప్రాణమని తెలిసే తుంచేను. మధ్యాహ్నం అందరూ పడుకున్నపుడు పిట్టగోడ మీంచి వంగి, అందక అందక ఒక్క కొస తెచ్చేను. తెల్లారి చూస్తే సత్యవతి ఆ డబ్బాని ఇటు జరిపి పెట్టింది. మా గోడకి ఆనించి, చెయ్యి చాపితే అందేలాగ. నన్ను చూసింది. చూసి కూడా తిట్టలేదు, అడగలేదు. నేనూ మాటాడలేదు. రేపు మాటాడదాం, ఎల్లుండి మాటాడదాం అనుకున్నాను. ఆయమ్మకి జ్వరమని తెలిసి కూడా గుమ్మం దాకా వచ్చి తిరిగొచ్చేసేను."  ఆ డబ్బా మా డాబా మీద మిగతావాటికి దూరంగా, పక్కింటి గోడని ఆనుకుని ఎందుకుండేదో నాకు అప్పుడు తెలిసింది. సాయంత్రాలు నీళ్ళు పోయడానికి అటు దాకా నడవాలని విసుక్కునేదాన్ని.

పిన్ని దగ్గరికి నడిచింది. రమణమ్మగారి భుజం మీద చెయ్యి వేసి, "అమ్మా, మీ బట్టలారిపోయినట్టున్నాయి. తీసుకోరేటి?" అంది. పద్ధతి ఎంత బాగా పట్టేసిందో! రమణమ్మగారు కొంగుతో మొహం తుడుచుకుని, తాడు దగ్గరికెళ్ళి, మాకు వీపు పెట్టి నిలబడింది. తాడు మీద ఉన్నది ఒక్క తువ్వాలే. దాన్ని తీసి, మడత పెట్టి, విప్పి, మళ్ళీ మడత పెట్టింది. పిన్ని నన్ను ముందుకి తోసింది. "ఇది నువ్వే తుంచాల" అంది. తుంచాను. తుంచినచోట పచ్చి వాసన, అమ్మ గోళ్ళ వాసన.

ఇసక, మట్టి, బూడిద ఎంతెంత కలపాలో నేను చెప్పాను, పిన్ని కలిపింది. బూడిద కోసం వాళ్ళ ఊరికి మనిషిని పంపితే బస్తా వచ్చింది. గంధం రంగు డబ్బాని మళ్ళీ రమణమ్మగారి గోడకే ఆనించి పెట్టాం, అందేలాగ. వేసవి ముదిరేసరికి మా పిట్టగోడ మళ్ళీ రంగులెక్కింది. నాన్న మళ్ళీ బెల్లం ఒంటితో మేడెక్కడం మొదలుపెట్టాడు. "సీమలు పడతాయి, దిగండి!" అని కింద నుంచి పిన్ని అరిచినప్పుడు ఆయన నా వైపు చూసి నవ్వాడు. అమ్మ పోయాక ఆయన నవ్వడం అదే మొదలు అనిపిస్తుంది, కాకపోయినా నాకు అలాగే గుర్తుండిపోయింది. ఆ రోజుల్ని తలుచుకుంటే నాకు మిగిలేది కృతజ్ఞతే. ఒకావిడ నన్ను కన్నది, ఒకావిడ నన్ను పెంచింది, ఇద్దరి మధ్యా వీధి వీధంతా వీపు తిప్పి నిలబడి నాకు దారి ఇచ్చింది.

నాకు పెళ్ళయి ఇల్లు వేరయినప్పుడు పిన్ని సారె సర్దింది గానీ మొక్క పెట్టలేదు. బయల్దేరే ముందు నన్ను మేడ మీదికి తీసుకెళ్ళి నిలబెట్టి, "పాలు సూసొత్తాను" అని దిగిపోయింది. నేను చేతిరుమాల్లో చుట్టుకుని తెచ్చుకున్నాను. ఇప్పుడు మా అపార్ట్‌మెంటులో ఎవరికి ఏ మొక్క కావాలన్నా ఫోనులో నొక్కితే అట్టపెట్టెలో వస్తుంది, పేరు రాసిన చీటీతో సహా. తప్పు పట్టను, నేనూ తెప్పించుకున్నాను. బతుకుతాయి కూడా, ఆ నమ్మకం వట్టిదేనని నాకు తెలుసు. కానీ ఎదురు ఫ్లాటు ఆవిడ పేరు నాకు తెలియడానికి చాలా కాలం పట్టింది. మా తలుపులు వాటంతటవే మూసుకుపోతాయి. వీపు తిప్పి నిలబడాలన్నా ముందు ఎవరైనా లోపలికి రావాలి కదా.

పిన్ని ఇంకో రెండు రోజుల్లో వెళ్తుందనగా రమణమ్మగారు ఫోను చేసింది, కన్ను ఎలా ఉందని కనుక్కోడానికి. ఆవిడకిప్పుడు బాగా పెద్దతనం. చెవి సరిగ్గా వినబడదు కాబట్టి మనకి కూడా వినబడదనుకుని అరుస్తుంది. మాటల్లో, "మీ పిన్ని చెప్పలేదేటి? పోయినేటి వానలకి గంధం రంగుది పోయింది. మీ మేడ మీదిదీ కుళ్ళిపోయింది, మా తొట్టిలోదీ పోయింది. మీ పిన్ని రెండు పూటలు అన్నం ముట్టలేదు" అంది. ఫోను పెట్టేశాక బాల్కనీ వైపు చూశాను. రోజూ ఆ ప్రశ్న ఎందుకడుగుతోందో అప్పటికి తెలిసింది. ఇన్నాళ్ళూ కొమ్మ ఇమ్మని అడగలేదు, అడిగితే బతకదని. దారి పొడుగునా మాటలు చెప్పే మనిషి ఈ ఒక్క మాట కడుపులో పెట్టుకుని కూర్చుంది.

మర్నాడు ఎండ బాగా ఎక్కాక మజ్జిగ పట్టుకుని బాల్కనీలోకి వెళ్ళేసరికి పిన్ని కుర్చీలోంచి లేచి ఉంది. నల్లద్దాలు నుదుటి మీదికి తోసుకుని, ఒక చేత్తో కమ్మీ పట్టుకుని, రెండో చేత్తో చివరి కుండీ తడుముతోంది. నా అడుగుల చప్పుడు విని చెయ్యి చటుక్కున వెనక్కి తీసుకుంది. "సీమలు పట్టేయేమో అని సూత్తన్నాను" అంది.

"పిన్నీ, పొయ్యి మీద పాలు పెట్టాను, చూసొస్తానుండు" అన్నాను.

వంటింట్లోకెళ్ళి నిలబడ్డాను. పొయ్యి వెలిగించి లేదు, పాలు ఫ్రిజ్జులో ఉన్నాయి. ఒక గిన్నె తీసి గట్టు మీద చప్పుడయ్యేలా పెట్టాను. కాసేపాగి ఇంకొకటి పెట్టాను. కళ్ళు తుడుచుకుని, "ఇంకా కాగలేదు పిన్నీ!" అని కేకేశాను.

"కాగనియ్యవే, తొందరేటి!" అని బాల్కనీలోంచి వినబడింది.